పిల్లులకు బద్దెపురుగుల బాధ: చికిత్సయు, నివారణమును

మన పత్రికయందు ఆవు, గేదె, గొఱ్ఱె, కోడి మున్నగు వానిని గూర్చిన పాఠములు తఱచుగా వెలువడుచుండును గాని, పిల్లిని గూర్చి వ్రాయుట అరుదు. పిల్లి పాలీయదు, కాడి మోయదు, సంతలో దానికి వెల లేదు. అయినను గాదెలోని ధాన్యమును, అటుకమీది విత్తనపు మూటలను, సంఘపు గిడ్డంగిలోని బస్తాలను రాత్రియెల్ల కాచునది పిల్లియే. కూలి యడుగని కావలివానికి జబ్బు చేసినప్పుడు విచారించుట యజమానుని ధర్మము. అందులో యజమానుని లాభమును గలదు.

“పిల్లి తోకక్రింద తెల్లని గింజలవంటివి కదలుచున్నవి, అది చిక్కిపోవుచున్నది, ఏ మందు వేయవలెను?” అని సభ్యులు కొందఱు మమ్మడుగుచున్నారు. ఇది బద్దెపురుగుల బాధ. సులభముగా నయమగునది. కాని కారణ మెఱుగక మందు వేసినచో నెల తిరుగకుండ మరల వచ్చును; తగని మందు వేసినచో పురుగుకంటె ముందు పిల్లియే చచ్చును. ఈ రెండవ తప్పు మేము స్వయముగా చేసినవారము. కావున ఈ విషయమును మొదటినుండి వివరించుచున్నాము.

1. పురుగు స్వరూపము

బద్దెపురుగు ప్రేగులలో నివసించును. నాడాగుడ్డవలె చదునుగా నుండి, జానెడు మొదలు మూరెడు, ఒక్కొకప్పుడు అంతకు మించిన పొడవు కూడ పెరుగును. దీనికి నోరు లేదు, కడుపు లేదు. గుండుసూది మొనవంటి చిన్న తలతో ప్రేగుగోడను పట్టుకొని, పిల్లి తిన్న ఆహారపు సారమును దేహమంతటితోను పీల్చుకొనును. తల వెనుకనుండి క్రొత్త కణుపులు పుట్టుచుండును. తోకవైపు ముదిరిన కణుపులు గ్రుడ్లతో నిండి తెగి పడిపోవుచుండును. మనము పిల్లి తోకక్రింద జూచు గింజలు ఈ తెగిన కణుపులే.

ఇందొక సూక్ష్మమున్నది. తల ప్రేగునకు అంటియున్నంతవఱకు, దేహమంతయు తెగిపోయినను పురుగు మరల పెరుగును. విరేచనపు మందువలన మూరెడు పురుగు పడినదని సంతసించినవారు, కొన్ని వారములకు మరల గింజలను జూచుటకు ఇదియే హేతువు.

మన పల్లెల పిల్లులలో ముఖ్యముగా రెండు జాతుల బద్దెపురుగులుండును. ఒకటి మిన్నల్లి మూలమున వచ్చునది. రెండవది ఎలుక మూలమున వచ్చునది. ఏ జాతియు ఒక పిల్లినుండి మరియొక పిల్లికి తిన్నగా అంటదు; నడుమ మరియొక ప్రాణి యుండి తీరవలెను. ఈ యొక్క మాటను చక్కగా గ్రహించినవారికి నివారణోపాయమంతయు తనంతట తోచును.

2. మిన్నల్లి మూలమున వచ్చునది

మిన్నల్లి యనగా రెక్కలు లేక, వెండ్రుకల నడుమ పరుగెత్తుచు, పట్టబోయిన గంతువేయు చిన్న ముదురుగోధుమవన్నె పురుగు. పిడుదు వేఱు, ఇది వేఱు. పిడుదు చర్మమునకు అంటుకొని కదలక యుండును. మిన్నల్లి చేతికి చిక్కదు.

పిల్లినుండి రాలిన కణుపు నేలపై ఎండి పగిలినప్పుడు, అందలి గ్రుడ్లు చిన్న చిన్న సంచులుగా బయటపడును. ఒక్కొక సంచిలో 20 వఱకు గ్రుడ్లుండవచ్చును. మిన్నల్లి పిల్లపురుగు పిల్లిమీద నుండదు. నేల నెఱ్ఱెలలోను, గోనెపట్టాల మడతలలోను, దుమ్ములోను మెలగుచు చెత్తను తినుచుండును. ఆ చెత్తతోపాటు బద్దెపురుగు గ్రుడ్లనుకూడ మ్రింగును. పిల్లపురుగు గూడుకట్టి, పెద్ద మిన్నల్లియై, పిల్లిమీదికెక్కునాటికి దాని కడుపులో బద్దెపురుగు పిండము ఎదిగియుండును. పిల్లి దురదకు తాళలేక ఒడలు నాకుకొనుచు ఆ మిన్నల్లిని మ్రింగును. అది మొదలు సుమారు మూడు వారములలో క్రొత్త కణుపులు రాలసాగును. పిల్లిపేను మూలమునకూడ ఈ పురుగు రావచ్చును గాని, మిన్నల్లియే ప్రధానము.

ఈ రహస్యము మానవులకు తెలిసి ఎంతోకాలము కాలేదు. 1869లో మెల్నికోవ్ అను పండితుడు కుక్కపేనునందు ఈ పురుగు పిండమును కనుగొనెను. పిమ్మట ఇటలీ దేశస్థుడగు గ్రాసీ, తన సహచరుడగు రొవెల్లితో గూడి, మిన్నల్లియందును దానిని చూపెను. అంతకుముందు ఇట్టి పురుగులు కడుపులో తమంతట పుట్టునని పెద్ద వైద్యులు సైతము నమ్మియుండిరి. బెల్లము తిన్నందున పురుగులు పుట్టునని నేటికిని మన పల్లెలలో అనుకొనుట ఆ నమ్మకపు శేషమే.

3. ఎలుక మూలమున వచ్చునది

రెండవ జాతి పురుగు గ్రుడ్లు పిల్లి మలముతో బయటపడి, గడ్డిలోను, చిందిన గింజలలోను కలిసి ఎలుక నోటబడును. ఎలుక కాలేజములో బఠాణీగింజంత తెల్లని బుడగ ఏర్పడి, అందు పురుగు పిండము ముడుచుకొనియుండును. పిల్లి ఆ యెలుకను తినునప్పుడు పిండము పిల్లి ప్రేగులకు చేరి, ఒక నెలకో రెండు నెలలకో ముదిరి కణుపులను విడుచును. చుంచెలుకలలోను ఈ బుడగలుండును. వీనిని చూడవలెనని ఎవరును ఎలుకను కోయవలదు. ఎలుకజ్వరము మనుష్యులకు ప్రాణాపాయకరము.

ఇచట రైతునకొక చిక్కు గలదు. ఎలుకను పట్టుటకే పిల్లిని పెంచుకొంటిమి. ఎలుకను తినవలదని పిల్లికి చెప్పజాలము. కావున వేటాడు పిల్లికి ఈ పురుగు మరల మరల వచ్చుచుండుట సహజమని యెఱిగి, కాలనియమము ప్రకారము మందు వేయుటయే మార్గము.

4. గుర్తించు విధము

పిల్లి తోకక్రింది వెండ్రుకలను, అది పండుకొను గోనెను, దాని మలమును వరుసగా కొన్ని దినములు పరిశీలింపవలెను. మిన్నల్లి మూలమున వచ్చిన పురుగు కణుపు పచ్చిగా నున్నప్పుడు దోసగింజవలె రెండు కొనలును సన్నగిలి, మెల్లగా ముడుచుకొనుచు సాగుచుండును. ఎండినపిమ్మట బియ్యపు నూకవలెనో, నువ్వుగింజవలెనో కనబడును. ఎలుక మూలమున వచ్చినదాని కణుపు కొంచెము చతురస్రముగా నుండును.

కణుపులు ప్రతిదినము పడవు. ఒకనాడు కనబడనంత మాత్రమున పురుగు లేదనరాదు. పశువైద్యశాలలో మలమును పరీక్షించినను, ఆ దినమున గ్రుడ్లు పడకున్నచో తెలియకపోవచ్చును. కావున కంటితో జూచిన కణుపును చిన్న సీసాలో వేసి వైద్యునికి చూపుట మేలు.

బలమైన పెద్దపిల్లి ఈ పురుగులున్నను పైకి ఆరోగ్యముగానే యుండవచ్చును. కొన్ని పిల్లులు తోకక్రింద దురదచే నేలకు రాచుకొనుచుండును. కొన్నింటికి వెండ్రుకలు కాంతి తప్పును. మిగుల చిక్కిపోవుట, ఎడతెగని వాంతులు, రక్తవిరేచనములు ఉన్నచో బద్దెపురుగునే నిందింపక ఇతర వ్యాధులనుకూడ శంకింపవలెను.

కూనల విషయమున మఱియొక భేదము తెలిసికొనవలెను. కూనకు కడుపు ఉబ్బి, కాళ్లు సన్నగిల్లియుండుట తఱచుగా ఏలికపాము జాతి గుండ్రని పురుగులవలన కలుగును. అవి తల్లిపాలద్వారా కూనకు చేరును. బద్దెపురుగు తల్లిపాలద్వారా చేరదు. రెండింటికిని మందులు వేఱు.

5. చికిత్స

బద్దెపురుగులకు నేడు వాడుకలో నున్న నమ్మకమైన మందు ప్రాజిక్వాంటెల్. ఇది 1970 తరువాతి సంవత్సరములలో కనుగొనబడినది. రెండు జాతుల బద్దెపురుగులను ఒకే మోతాదుతో చంపును. చచ్చిన పురుగు ప్రేగులలోనే జీర్ణమైపోవును. కనుక మందు వేసిన మఱునాడు పురుగు పడలేదని మరల వేయరాదు. పిల్లిని పస్తుంచవలసిన పనియు లేదు.

మోతాదు పిల్లి బరువునుబట్టి యుండును. సాధారణముగా కిలోకు 5 మిల్లీగ్రాములు. 3 కిలోల పిల్లికి 15 మిల్లీగ్రాములు చాలును. మనుష్యులకొరకు చేసిన మాత్రలో 600 మిల్లీగ్రాములవఱకు నుండును. అది ఈ పిల్లికి కావలసినదానికి 40 రెట్లు. దానిని గోటితో గిల్లి వేయుట ఎంత తెలివితక్కువయో ఈ లెక్కయే చెప్పుచున్నది. పిల్లులకని చేసిన మాత్రనే, పశువైద్యుడు తూచి చెప్పినంతయే వేయవలెను. పిల్లిని త్రాసులో నిలుపలేనివారు, దానిని సంచిలో నుంచుకొని తామెక్కి తూగి, పిమ్మట తమ బరువును తీసివేసిన చాలును.

ఈ మందు మిక్కిలి చేదు. నోటిలో కరగినచో పిల్లి నురుగు గ్రక్కును, దానికి భయపడవలదు. మాత్రను చేపముక్కలోనో, వెన్నలోనో చుట్టి నాలుక మొదట నుంచి, నోరు మూసి, గొంతును మెల్లగా నిమిరిన మ్రింగును. ఆరు వారములు నిండని కూనలకు ఈ మందు సామాన్యముగా వేయరు. చూడిపిల్లికి వేయుటకు ముందు వైద్యుని అడుగవలెను.

కొందఱు అంగడిలో “నట్టల మందు” అని అడిగి ఏదో యొకటి తెచ్చి వేయుదురు. పైరాంటెల్ ఒక్కటియే యున్న మందు గుండ్రని పురుగులకు పనిచేయును గాని బద్దెపురుగులను చంపదు. ఫెన్‌బెండజోల్ ఎలుక మూలమున వచ్చు జాతికి పనిచేయునుగాని మిన్నల్లి మూలమున వచ్చుదానిపై పనిచేయదు. మందు వేసినను గింజలు పడుచున్నవనువారు మొదట సీసాపైని పేరు చదువవలెను. గొఱ్ఱెలకు పోయు ఆల్బెండజోల్ మందును పిల్లికి వాడకుండుట మంచిది. అది పిల్లి యెముకలలోని మూలుగను చెఱచి రక్తము పుట్టకుండ చేయవచ్చును.

6. చేయరాని పనులు

ఇక మా తప్పును చెప్పుకొనుచున్నాము. ఒక వేసవిలో మా యింటి పిల్లికిని, దాని నాలుగు కూనలకును మిన్నల్లులు విపరీతముగా పట్టెను. అదే దినమున ఎద్దులకు పిడుదుల మందు నీళ్లలో కలిపి ఒడలికి రాచితిమి. గిన్నెలో కొంత మిగిలినది. పాఱబోయుటేల యని ఆ నీళ్లలో గుడ్డ ముంచి తల్లిపిల్లిని, కూనలను తుడిచితిమి. ఎద్దులకు ఏ బాధయు కలుగలేదు. సాయంకాలమునకు కూనలు వణకసాగెను. చెవులు, ముఖము అదరుచు, కాళ్లు నిలువక ప్రక్కకు పడిపోయెను. చలియనుకొని పొయ్యివద్ద నుంచితిమి. తెల్లవాఱునప్పటికి రెండు కూనలు చచ్చెను. మూడవదియు మధ్యాహ్నమునకు పోయెను. తల్లియు, ఒక్క కూనయు మాత్రము పశువైద్యుని దయవలన బ్రదికినవి.

వైద్యుడు సీసాను జూచి మాతో ఇట్లు చెప్పెను: “ఈ జాతి మందును పశువు కాలేజము విఱిచివేయగలదు, పిల్లి కాలేజమునకు ఆ శక్తి చాలదు. మీకు చిన్న మోతాదుగా దోచినది దానికి విషము.” సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పెర్మెత్రిన్ అను పేర్లు గల మందులన్నియు ఇట్టివే. కుక్కలకొరకు చేసిన మిన్నల్లి మందులలోను పెర్మెత్రిన్ ఉండవచ్చును. ఒకవేళ ఎవరైన పొరపాటున వీనిని పిల్లికి రాచినచో, వెంటనే గోరువెచ్చని నీళ్లతోను, గిన్నెలు తోము సబ్బునీళ్లతోను ఒడలు కడిగి, తుడిచి, వెచ్చగా నుంచి, ఆలస్యము చేయక పశువైద్యశాలకు కొనిపోవలెను. మేము పొయ్యివద్ద గడపిన రాత్రి అట్లు చేసియుండినచో ఆ కూనలు దక్కెడివేమో.

ఇవి గాక మఱికొన్ని నిషిద్ధములు గలవు. పూర్వము కుక్కల బద్దెపురుగులకు వక్కపొడి ఇచ్చుట కలదు. పిల్లికి అది కూడదు. దానివలన పిల్లికి చొంగయు, ఊపిరితిత్తులలో స్రావమును పెరిగి ఊపిరాడక పోవును. వెల్లుల్లి నూరి పోయుటయు కూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తమును విఱుచును. కిరసనాయిలు రాచుట, కలరా ఉండలు పడకలో నుంచుట, పైరు పురుగుమందు చల్లుట, ఇవన్నియు పిల్లికి అపాయకరములు. ఏలయన అది తన ఒడలిని తానే నాకుకొనును. పైన రాచినదెల్ల దాని కడుపులోనికే పోవును.

7. కూనల సంరక్షణ

చిన్న కూనలకు బద్దెపురుగుకంటె మిన్నల్లి పెద్ద శత్రువు. నాలుగు వారముల కూన దేహములో రక్త మెంత? దానిని పదుల సంఖ్యలో మిన్నల్లులు పీల్చుచుండ అది పాలిపోయి, చల్లబడి చచ్చును. కూన చిగుళ్లను పైకెత్తి చూడవలెను. గులాబివన్నె యున్న మేలు. తెల్లబడియున్నచో ఆ దినముననే వైద్యునికి చూపవలెను.

కూనలకు మందుకంటె దువ్వెన మంచిది. ఈరుదువ్వెనవంటి సన్నని దువ్వెనతో మెడ, తోకమొదలు, కడుపు దువ్వి, పట్టుబడిన మిన్నల్లులను సబ్బునీళ్ల గిన్నెలో వేయవలెను. దువ్వెనకు నల్లని గసగసాలవంటి రజను తగిలినచో, దానిని తడిసిన తెల్లగుడ్డపై నుంచి చూడుడు. ఎఱ్ఱగా కరిగినచో అది మిన్నల్లి మలము. మిక్కుటముగా పట్టియున్నచో పట్టపగలు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి లేకుండ తుడిచి, తల్లియొద్ద చేర్చవలెను. కూన తడిసి చల్లబడిన బ్రదుకదు.

పెద్దపిల్లులకు, ఎనిమిది వారములు నిండిన కూనలకు, మెడవెనుక చర్మముపై వేయు ఫిప్రోనిల్ వంటి చుక్కల మందులు గలవు. పిల్లులకని ముద్రవేసినదే, బరువునకు తగినదే వైద్యుని యడిగి వాడవలెను.

8. ఇల్లును, గిడ్డంగిని శుభ్రపఱచుట

పిల్లికి మందు వేసి, ఇల్లు విడిచినచో సగము పనియే యగును. ప్రాజిక్వాంటెల్ నేటి పురుగును చంపును గాని రేపటి పురుగును ఆపదు. మఱునాడే పిల్లి ఒక మిన్నల్లిని మ్రింగినచో మూడు వారములకు మరల గింజలు కనబడును. మందు పనిచేయలేదని నిందింతుము. తప్పు మందుది కాదు, మన నేలది.

ఆడ మిన్నల్లి దినమునకు 40 వఱకు గ్రుడ్లు పెట్టగలదు. అవి పిల్లిమీదనుండి జారి, అది పండుకొను చోటనెల్ల రాలును. మనము పిల్లిపై జూచునవి మొత్తములో స్వల్పభాగమే. ఎదిగిన మిన్నల్లి గూటిలోనే నెలలకొలది దాగి, అడుగుల చప్పుడును, వెచ్చదనమును పసిగట్టి వెలుపలికి రాగలదు. కావున మూడు మాసములైనను పట్టువిడువక ఈ క్రింది పనులు చేయవలెను.

పిల్లి పడకగా నొక గోనెను ప్రత్యేకించి, వారమునకొకమారు మరగు నీళ్లలో ముంచి తీవ్రమైన యెండలో ఆరవేయవలెను. మిన్నల్లి పిల్లపురుగు తేమను, చీకటిని కోరును. ఎండకు, పొడికి తాళదు. మన దేశమున సూర్యుడిచ్చు ఈ మందునకు వెల లేదు. మట్టినేల యున్నచో నెఱ్ఱెలను పూడ్చి చక్కగా అలుకవలెను; బండపఱుపైనచో సందులలోని దుమ్మును చీపురుతో తీసి కాల్చివేయవలెను. మూలలు, మంచముక్రింద, పొయ్యిగూడు ప్రక్క ముఖ్యముగా చూడవలెను. ఇంటిలో కుక్కయున్నచో దానికిని అదే దినమున మిన్నల్లి మందు వేయవలెను. ఒకదానిని విడిచిన రెండవదానికి చేసినది వ్యర్థము. అయితే కుక్కమందు కుక్కకే, పిల్లిమందు పిల్లికే.

గిడ్డంగిలో పిల్లి మలవిసర్జనకు ఒక మూల ఇసుక తొట్టి యుంచి, దినదినము తీసి పాతిపెట్టించినచో ధాన్యమును, ఎలుకలును రెండును ఆ గ్రుడ్లకు దూరమగును. బస్తాలను చెక్కలపై, గోడకు జానెడు ఎడముగా పేర్చి, చిందిన గింజలను నాడునాడు ఊడ్చినచో ఎలుకలు తగ్గును. ఎలుకమందు పెట్టినచోట పిల్లిని విడువరాదు. మందుతిన్న ఎలుకను తిని పిల్లులు చచ్చుట గలదు.

వేటాడు పిల్లికి మూడు మాసములకొకమారు బద్దెపురుగుల మందు వేయుట మంచి నియమము. సంఘమువారు గిడ్డంగి పిల్లులకు తేదీలు వ్రాసిన పట్టికను గోడకు తగిలించినచో మఱపు రాదు.

9. బిడ్డలకు అంటునా?

తల్లులడుగు ప్రశ్న ఇది. పిల్లిని ముట్టినంతమాత్రమున బద్దెపురుగు అంటదు. కాని నేలపై ప్రాకు బిడ్డ పొరపాటున మిన్నల్లిని మ్రింగినచో, మిన్నల్లి మూలమున వచ్చు జాతి బిడ్డకును రావచ్చును. బిడ్డ మలములో దోసగింజలవంటివి కదలుట చూచినచో భయపడక వైద్యునికి చూపవలెను; తగిన మందుతో నయమగును. బిడ్డలు పిల్లితో ఆడిన పిమ్మట చేతులు కడుగుట, పిల్లిని బిడ్డ పడకపై పండుకొననీయకుండుట చాలిన జాగ్రత్తలు. ఈ భయముచే పిల్లిని ఊరవతల విడిచివచ్చుట తగదు. పిల్లి పోయిన యింటికి ఎలుక వచ్చును. ఎలుక తెచ్చు రోగములు ఇంతకంటె ఘోరమైనవి.

కుక్కల విషయమున ఇంకొక మాట. కుక్కలలోని ఒక చిన్న బద్దెపురుగు గ్రుడ్లు నోటబడినచో మనుష్యుల కాలేజములోను, ఊపిరితిత్తులలోను నీటిబుడగలు పెరుగును. గొఱ్ఱెలకును, పశువులకును అట్లే. కావున గొఱ్ఱెను కోసినచోట పాఱవేసిన పచ్చి కాలేజమును, ఊపిరితిత్తులను కుక్కలకు వేయక లోతుగా పాతిపెట్టవలెను.

10. పాఠసారము

ఒకటి: కణుపును చూచి, ఏ పురుగో తెలిసికొని మందు వేయవలెను. రెండు: పిల్లి మందే, పిల్లి బరువునకే. మూడు: పశువుల పిడుదుమందు పిల్లికి విషము. నాలుగు: పురుగుమందు, మిన్నల్లి నివారణము, నేల శుభ్రత, ఈ మూడును ఒకే దినమున మొదలుపెట్టవలెను. అయిదు: కూనకు మొదట దువ్వెన, పిదప వైద్యుడు.

మా యింట బ్రదికిన ఆ కూన నేడు పెద్దదై మా గాదెను కాచుచున్నది. దాని తోడివి మూడును మా యజ్ఞానమువలన పోయినవి. ఈ పాఠము చదివిన సభ్యులు చదువనివారికి చెప్పి, ఏ యింటనైనను మిగిలిన పిడుదుమందు గిన్నెను పిల్లివైపు పోనీయక ఆపినచో మా శ్రమ ఫలించినదని తలంతుము.